ఎవరూ పలకరించని చోటు కావాలి

ఈ వారం ఉత్తరం రాసినావిడకి 46 ఏళ్ళు. పేరు వేయొద్దన్నారు. మంచాన పడ్డ నాన్నని రెండేళ్ళు తనే చూసుకున్నారు, ఉద్యోగం చేసుకుంటూనే. మందుల వేళలు, నర్సు రాని రోజులు, రాత్రి రెండింటికి పక్కగదిలోంచి పిలుపులు. ఆర్నెల్ల క్రితం ఆయన పోయారు. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళూ ఆఫీసువాళ్ళూ ఈవిడని కనిపెట్టుకుని ఉంటున్నారు. "తిన్నావా, పడుకున్నావా, ఏమైనా కావాలా అని రోజంతా అడుగుతూనే ఉంటారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయాను. అందరూ ఇంత చూసుకుంటున్నా రాత్రి రెండింటికి మెలకువ మాత్రం ఇప్పటికీ వస్తుంది" అని రాశారు.

ఆగస్టులో వారం రోజులు సెలవు దొరికింది. సొంత సంపాదనలో దాచుకున్న డబ్బుంది. ఒక దీవికి, అదీ మంచి ఖరీదైన రిసార్ట్‌కే, ఒక్కరే వెళ్ళాలని ఆశ. వెతికి వెతికి మూడు తేల్చుకున్నారు: మాల్దీవుల్లో నీటి మీద కట్టిన విల్లా, సీషెల్స్‌లో లా డీగ్ దీవి, థాయ్‌లాండ్‌లో కో సమూయ్. మాల్దీవుల విల్లాని డబ్బు కట్టకుండా కొన్నాళ్ళు పట్టి ఉంచారు కూడా. భర్త "వెళ్ళిరా" అన్నారు. అన్నాక, లైటు తీసేసి పడుకున్నప్పుడు, "నాతో ఉంటే ప్రశాంతంగా ఉండదా?" అని అడిగారట. ఈవిడ నిద్రపోయినట్టు నటించారు. ఇంకో భయమూ ఉంది. ఇదివరకు ఒకసారి ఒంటరిగా ఒక బీచ్ హోటల్లో భోజనానికి కూర్చుంటే, వెయిటర్ ఎదుటి కుర్చీ ముందున్న ప్లేటూ గ్లాసూ తీసేస్తూ "ఇంకెవరూ రారా మేడమ్?" అని అడిగాడు. చుట్టుపక్కల జంటలు తల తిప్పి చూశాయి. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ గదిలోనే తిన్నారు.

"ఈ మూడింటిలో ఏది ఎక్కువ నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పండి చాలు" అన్నారు చివర్లో. దాని కింద, సంతకం ఉండాల్సిన చోట, ఇంకో వరుస: "అన్నట్టు, నాకు ఈత రాదు."

చాలు అన్నారు గానీ, చాలదండీ. మీరు అడిగింది నిశ్శబ్దం గురించి, ఉత్తరం నిండా ఉన్నది అడిగేవాళ్ళ గురించి. అలల చప్పుడో పక్క విల్లావాళ్ళ నవ్వులో మిమ్మల్ని అంతగా బాధపెడతాయని నాకనిపించలేదు. మిమ్మల్ని అలసిపోయేలా చేసింది "ఏమైనా కావాలా" అన్న ఆ ఒక్క ప్రశ్న. ఖరీదైన రిసార్ట్ అంటే మరి ఏమిటి? మీరు కట్టే డబ్బులో పెద్ద వాటా ఆ ప్రశ్న అడిగే మనుషుల కోసమే. పడవ దిగగానే జెట్టీ మీద నలుగురు వరుసగా నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకుని స్వాగతం చెబుతారు. మీకంటూ ఒక బట్లర్ ఉంటాడు. పొద్దున నిద్ర పట్టిందా అంటాడు, మధ్యాహ్నం స్పాలో టైము తీసుకోమంటారా అంటాడు, సాయంత్రం డాల్ఫిన్ల పడవలో ఒక సీటు ఉందంటాడు. చీకటి పడే వేళకి పక్క సర్దడానికి మరొకరు తలుపు తడతారు. వాళ్ళ ఉద్యోగమే అది, తప్పు పట్టడానికి లేదు. కానీ ఇంట్లో దేన్ని తప్పించుకుందామని బయల్దేరుతున్నారో దానికే డబ్బు కట్టి వెళ్ళినట్టవుతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. బుకింగ్ అయ్యాక చాలా రిసార్టులు ఒక ఫారం పంపుతాయి. ఏ సందర్భం, హనీమూనా, పెళ్ళిరోజా, ఏ దిండు కావాలి, ఇలాంటివి ఉంటాయి. సాధారణంగా ఎవరూ సరిగా పూర్తి చేయరు. మీకు మాత్రం మొత్తం బుకింగ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే కాగితం అదే. అందులో ఉన్నదున్నట్టు రాయండి: ఒక్కరినే వస్తున్నాను, ఏ వేడుకా లేదు, మంచం మీద పూలరేకులూ తువ్వాలుతో చేసిన హంసల జతా వద్దు, గది రోజుకు ఒక్కసారి ఫలానా టైముకి సర్దితే చాలు, నాకేమైనా కావాలంటే నేనే మెసేజ్ పెడతాను, నా అంతట నేను పెట్టేదాకా ఎవరూ పలకరించకపోతే సంతోషం. మొహమాటపడకండి. మంచి రిసార్ట్ దీన్ని పాటిస్తుంది. మూడు నాలుగు చోట్లకి బుకింగ్‌కి ముందే ఈ మాటలే మెయిల్ చేసి చూడండి. ఒకరు రెండు ముక్కల్లో "అలాగే" అంటారు, మరొకరు మీ కోసం సర్‌ప్రైజులు ప్లాన్ చేస్తామంటారు. ఎవరిని వదిలేయాలో మీకే తెలిసిపోతుంది.

ఇక ఆ చివరి వరుస. ఈత రాకపోవడం "అన్నట్టు" అంటూ చెప్పే సంగతి కాదు. నీటి మీద విల్లా అంటే, ఫొటోలో అందంగా కనిపించే చెక్క డెక్ చివర నేరుగా నీళ్ళలోకి దిగే మెట్లు. కొన్నింటికి డెక్ అంచున రెయిలింగ్ ఉండదు, ఉంటే సముద్రం కనపడదని. కింద లగూన్, అంటే పగడపు దిబ్బకి లోపలి వైపు నీళ్ళు, కొన్నిచోట్ల నడుము లోతే, కొన్నిచోట్ల ఆటుపోట్లని బట్టి తల మునిగే లోతు. ఇంకొంచెం ముందుకెళ్తే పగడపు దిబ్బ అంచు. అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతుంది. చిన్నపిల్లలున్న కుటుంబాలకి చాలా రిసార్టులు ఈ విల్లాలు ఇవ్వనిదీ, ఇచ్చినా బాధ్యత మీదేనని సంతకం పెట్టించుకునేదీ ఇందుకే. మీరేమో రాత్రి రెండింటికి మెలకువ వచ్చే మనిషి. నిద్ర పట్టక డెక్ మీదికి వస్తారు, మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెడతారు. నాచు పట్టి మెట్టు జారితే కేక వేసినా వినేవాళ్ళుండరు. భయపెట్టాలని కాదు. ఈ ఒక్కటీ నేను సలహాగా కాక గట్టిగా చెబుతున్నాను: నీటి విల్లా వద్దు.

అందుకు మీరు కోల్పోయేదీ పెద్దగా లేదు. నీటి విల్లాలు ఒకే చెక్క వంతెనకి అటూ ఇటూ వరుసగా ఉంటాయి. గోడలు అడ్డున్నా పక్క డెక్ మీద మాట్లాడుకునేది నీళ్ళ మీదుగా తేలి వస్తుంది. బగ్గీలు ఆ చెక్కల మీద దడదడమని తిరుగుతాయి. ఒడ్డు మీది బీచ్ విల్లాకి చుట్టూ పొదలూ చెట్లూ ఉంటాయి, ఇసుకలో నాలుగడుగులు వేస్తే సముద్రం, మోకాలి లోతు దాకా మీ ఇష్టం. చాలాచోట్ల రేటు కూడా తక్కువే. మీరు పట్టి ఉంచిన రిసార్ట్‌లోనే బీచ్ విల్లాకి మార్చమని అడగొచ్చు. అడిగేటప్పుడు జెట్టీకి, సిబ్బంది క్వార్టర్లకి, జనరేటర్‌కి, పిల్లల క్లబ్బుకి దూరంగా ఏ నంబర్ల విల్లాలున్నాయో కనుక్కోండి. పక్క దీవిలో కట్టడం పనులేమైనా జరుగుతున్నాయా అని కూడా. ఆగస్టులో ఆ విల్లా ముందు ఇసుక మిగిలి ఉంటుందా అనేది ఇంకో ప్రశ్న. అక్కడి దీవుల చుట్టూ ఇసుక రుతుపవనాలని బట్టి చోటు మారుతుంది. జనవరిలో తీసిన ఫొటోలో కనిపించే బీచ్ ఆగస్టుకి దీవి అవతలి వైపుకి పోవచ్చు.

ఆగస్టు సంగతి మూడింటికీ చూడాలి, ఎందుకంటే మీరు సెలవు మార్చుకోలేరు. మాల్దీవుల్లో అది నైరుతి రుతుపవనాల కాలం. రోజంతా ముసురు పట్టదు గానీ, గాలితో కూడిన వాన కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పట్టేస్తుంది. రేట్లు డిసెంబరు కంటే బాగా తక్కువ. సీషెల్స్‌లో అదే నెలలో ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. వాన తక్కువ, చల్లగా ఉంటుంది, కానీ సముద్రం ఎగసిపడుతుంది, గాలికి ఎదురుగా ఉన్న బీచ్‌లకి నాచు కొట్టుకొస్తుంది. కో సమూయ్‌కి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి ఆగస్టు అక్కడ మంచి నెలే. అదే థాయ్‌లాండ్‌లో అవతలి తీరాన ఉన్న ఫుకెట్ వైపు ఆగస్టంటే వానాకాలం. థాయ్‌లాండ్ అని ఒకే ముద్ద కింద చూడకండి. ఇంకో మాట, ఆగస్టు యూరప్‌లో బడి సెలవుల నెల. పెద్దలకి మాత్రమే అని బోర్డు లేని రిసార్ట్‌లో స్విమ్మింగ్ పూల్ దగ్గర ప్రశాంతత ఆశించొద్దు.

ఇప్పుడు మీ మూడింటి దగ్గరికి. మాల్దీవుల్లో 1972లో కురుంబా అనే మొదటి రిసార్ట్ వచ్చినప్పటినుంచి ఒక దీవికి ఒక రిసార్ట్ అన్నదే పద్ధతి. అక్కడి అందమూ చిక్కూ రెండూ అదే. దీవి మొత్తం చుట్టి రావడానికి చాలాచోట్ల అరగంట కూడా పట్టదు. ఊరు లేదు, వీధి లేదు, ఊరికే అలా వెళ్ళి నలుగురిని చూసి వద్దామంటే చోటు లేదు. మొదటి రెండు రోజులు స్వర్గం. మూడో రోజు వాన పట్టి, రాత్రి నాన్న గుర్తొచ్చి నిద్రపోక, పొద్దున చుట్టూ కొత్త జంటలు కనిపిస్తే, ఎటూ పోలేరు. ఈ నిశ్శబ్దం మీకు పడుతుందా లేదా అనేది ముందుగా ఎవరూ చెప్పలేరు. ఏడు రాత్రుళ్ళూ అక్కడే పెట్టుకుంటే పెద్ద పందెం, నాలుగైతే తట్టుకోగలిగిన పందెం.

వెళ్ళే దారి కూడా చూసుకోండి. దూరపు దీవులకి సీప్లేన్‌లో, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి, అది పగటి వెలుగులోనే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే చాలావరకు ఆ రాత్రి రాజధాని మాలే దగ్గర హోటల్లో గడపాల్సిందే. సామాను కూడా సాధారణంగా 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి వరకే. స్పీడ్‌బోట్‌లో చేరగలిగే దీవైతే రాత్రి దిగినా తీసుకెళ్తారు. ఒంటరిగా, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆ తేడా ఎంతో టెన్షన్ తగ్గిస్తుంది. మాలేకి మరీ దగ్గరగా ఉంటే విమానాల మోత వినిపించొచ్చు, అదీ కనుక్కోండి.

లా డీగ్ ఇందుకు పూర్తిగా భిన్నం. విమానం దిగే పెద్ద దీవి మహే నుంచి ప్రాస్లిన్ అనే దీవికి గంటసేపు ఫెర్రీ, అక్కణ్ణుంచి పావుగంట. మోటారు బండ్లు కొద్దిగానే ఉంటాయి, దీవంతా సైకిళ్ళ మీదే. ఊరుంది, దుకాణాలున్నాయి, మీరెవరో ఎవరికీ అక్కర్లేదు. పలకరింపులు లేకుండా మనుషుల మధ్య ఉండటం అనేది మీకు బహుశా బాగా నప్పే సంగతి. లోపాలూ చెబుతాను. సీషెల్స్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే, రిసార్ట్‌ది అంటూ ఏదీ ఉండదు. ఫొటోల్లో మీరు చూసిన ఆ గుండ్రటి గులాబి రాళ్ళ తీరం, ఆన్స్ సోర్స్ దార్జాన్, పగలంతా రోజువారీ యాత్రికులతో నిండిపోతుంది. పొద్దున్నే వెళ్ళాలి, లేదా సాయంత్రం పడవలు తిరిగి వెళ్ళాక. అక్కడ పగడపు దిబ్బ అడ్డుగా ఉండి నీళ్ళు లోతు తక్కువ, మీకు పనికొస్తుంది. అదే దీవిలో అవతలి వైపున్న గ్రాండ్ ఆన్స్‌లో ఆగస్టు అలలు, లోపలికి లాగే ప్రవాహాలు ఈత వచ్చినవాళ్ళకే ప్రమాదం. అక్కడ ఇసుక మీదే ఉండండి. ఫెర్రీ ఆ నెలలో బాగా ఊగుతుంది, కడుపులో తిప్పే అలవాటుంటే మందు వేసుకుని ఎక్కండి. మీరు ఊహించుకుంటున్న స్థాయి లగ్జరీ లా డీగ్‌లో తక్కువే. ఉన్న ఒకటి రెండు చోట్లు త్వరగా నిండిపోతాయి.

కో సమూయ్‌ని మీరు మూడో స్థానంలో పెట్టి, "అక్కడ గోల కదా" అని కుండలీకరణాల్లో రాశారు. చవెంగ్, లమై తీరాలైతే గోలే. పడమటి వైపు లిపా నోయ్ లాంటి చోట్లు వేరు. నీళ్ళు చాలా దూరం వరకు మోకాలి లోతే, జనం పలుచన. దీవికి విమానాశ్రయం ఉంది, పెద్ద ఆసుపత్రులున్నాయి, తోచకపోతే టాక్సీ పిలిచి ఊళ్ళోకి పోవచ్చు. విల్లా గేటు వేసుకుంటే ఏకాంతం, తీస్తే లోకం. నష్టమేమిటంటే, దీవి మొత్తం మీ ఒక్కరిదే అన్న ఆ భావన రాదు. ఎక్కడో మోటారుసైకిలు వినిపిస్తుంది. సముద్రం అవతల కో ఫాంగన్‌లోని హాద్ రిన్‌లో పౌర్ణమికి పెద్ద పార్టీ జరుగుతుంది, ఆ రోజుల్లో సమూయ్‌లోనూ రద్దీ పెరుగుతుంది. మీ తేదీల్లో పౌర్ణమి ఉందేమో క్యాలెండర్ చూసుకోండి.

నన్నడిగితే, రాత్రి రెండింటికి వచ్చే మీ మెలకువని లెక్కలోకి తీసుకుంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రాగలిగే చోటే మేలు అంటాను. అంటే లా డీగ్, లేదా సమూయ్ పడమటి తీరం. కానీ మీ మనసంతా మాల్దీవుల మీదే ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అలాంటప్పుడు మరో చోటికి వెళ్ళి అక్కడ కూర్చుని దీని గురించే ఆలోచించడంలో అర్థం లేదు. వెళ్ళండి. బీచ్ విల్లా, స్పీడ్‌బోట్ దూరం, నాలుగు రాత్రుళ్ళు. మిగిలిన మూడు రోజులూ ఇంటికొచ్చి, సెలవు ఇంకా ఉందని ఆఫీసులో చెప్పకుండా గడపండి. లేదా అక్కడే ఇంకా ఉండాలనిపిస్తే, ఖాళీ ఉంటే పొడిగించుకోండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. రిసార్ట్ రేటు విల్లాకి, ఇద్దరున్నారని లెక్క. ఒక్కరే వెళ్తే సగం పడదు. పడవ, సీప్లేన్, భోజనం మాత్రం తలకింత. కొన్ని రిసార్టులు ఒంటరి అతిథికి కొంత తగ్గిస్తాయి, అదీ అడిగితేనే. మాల్దీవుల్లో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 17 శాతం పన్ను పడతాయి. 100 డాలర్లని చూసింది దాదాపు 129 అవుతుంది. అది కాక రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ టాక్స్. దీవిలో తినడానికి వేరే చోటు ఉండదు కాబట్టి మూడు పూటల భోజనం కలిపే బుక్ చేసుకోండి, లేకపోతే బిల్లు తడిసి మోపెడవుతుంది.

ఆ భోజనాల బల్ల దగ్గరికి వద్దాం. వెయిటర్ అడిగిన మాట మిమ్మల్ని ఇన్నాళ్ళు వెంటాడిందంటే నాకు ఆశ్చర్యం లేదు. దానికి మందు కూడా ఆ ఫారంలోనే ఉంది: "ఒక్కరికే సర్దిన బల్ల, సముద్రం వైపు తిరిగి." రెండో ప్లేటు ముందే లేకపోతే తీసే సన్నివేశమే ఉండదు. జంటలు సూర్యాస్తమయం అయ్యాక వస్తాయి, మీరు గంట ముందు తినేయొచ్చు. వంటవాడు ఎదురుగా వండిపెట్టే కౌంటర్ ఉన్న రెస్టారెంట్ ఉంటే అక్కడ అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చుంటారు, ఎవరు ఎవరితో వచ్చారో తెలియదు. ఒకటి రెండు పూటలు గదిలో తిన్నా తప్పులేదు. ఉన్నన్నాళ్ళూ గదిలోనే అయితే మాత్రం, మీరు వెళ్ళింది ఎందుకో మీకే అనుమానం వస్తుంది. చాలా రిసార్టుల్లో సముద్రజీవుల గురించి చెప్పే నిపుణులుంటారు, వాళ్ళు సాయంత్రాలు ఒక గంట మాట్లాడతారు. వెనక వరుసలో కూర్చుని తాబేళ్ళ గురించి వినడానికి ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. నీళ్ళలోకి దిగాలనిపిస్తే లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ పక్కనుండగా మాత్రమే.

రిసార్టుల గురించి నాలుగు పేజీలు రాసిన మీరు, మీ ఆయన అడిగిన ప్రశ్నకి రెండు వరుసలే కేటాయించారు. ఆయన మీకు అడ్డు చెప్పలేదు. ఒక మాట అడిగారు, మీరు నిద్ర నటించారు. ఇప్పుడు మీరేమీ చెప్పకుండా వెళ్తే, ఆ ఖాళీని ఆయన తనకు తోచిన జవాబుతో నింపుకుంటారు, అది నిజంకన్నా కఠినంగానే ఉంటుంది. పైగా మీరు ఎంచుకున్నది కొత్త జంటలు వెళ్ళే నీటి విల్లా. ఆ ఫొటో చూసినప్పుడు ఆయనకేమనిపించి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. బీచ్ విల్లాకి మారడానికి ఇది కూడా ఒక కారణమే, చిన్నదే అయినా.

ఆయన్ని చివరి రెండు రోజులకి రమ్మనొచ్చు. విల్లా రేటు పెద్దగా మారదు, ఆయన మనసు కుదుటపడుతుంది. కాకపోతే ఆ రెండు రోజులు వస్తున్నాయన్న ఆలోచన ముందు రోజుల్లోకి కూడా పాకుతుంది, విమానం ఎక్కారా, పెట్టె సర్దుకున్నారా అని మళ్ళీ మీరే కనుక్కోవడం మొదలుపెడతారు. ఒక్కరే వెళ్ళి, ఇంకో సెలవుకి ఇద్దరూ కలిసి వెళ్ళేది ఇప్పుడే అనుకోవచ్చు. అది మాట కోసం అనే మాటైతే వద్దు, ఆయనకి తెలిసిపోతుంది. ఈ రెండూ కాకపోయినా, ఉత్తరంలో నాకు రాసిందే ఆయనకి చెబితే చాలనుకుంటాను: ప్రశాంతత లేనిది మీతో కాదు, జవాబులు చెప్పే ఓపిక నాలో అయిపోయింది అని. రాత్రి మెలకువ సంగతి ఆయనకి తెలుసా? మీరు రాయలేదు. తెలియకపోతే అది కూడా చెప్పండి. అక్కడ మెలకువ వస్తే ఫోన్ చేస్తాను, ఎత్తి ఊరికే వినండి, ఏమీ అడగొద్దు అని. తిరిగొచ్చాక కూడా నెలల తరబడి అదే వేళకి లేస్తుంటే డాక్టర్‌కి చూపించుకోండి, దీవులు ఆ పని చేయలేవు.

విల్లా పట్టి ఉంచిన గడువు తీరేలోపు రెండు పనులు చేయండి. బీచ్ విల్లాకి మార్చమని రాయండి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే రేటే తీసుకోండి, అది కాస్త ఎక్కువైనా సరే. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు దీవి నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదివి చూసుకోండి. విల్లా నంబరు, రిసార్ట్ ఫోను, పడవ టైములు ఒక కాగితం మీద రాసి మీ ఆయన చేతికివ్వండి.